బకెట్టు, తీగ, పీకిన పళ్లు: డెంటిన్‌కి బాండ్ ఎంత గట్టిగా పడుతోందో కొలిచిన డైరీ

చీపురుపల్లి వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన మూడోసారి ఊడిన ఫిల్లింగు ముక్కని కాగితంలో పొట్లం కట్టి తెచ్చి, "డాట్రమ్మా, మీ సిమెంటు మల్లీ ఊడిపోనాది" అని నా టేబుల్ మీద పెట్టారు. చిగురు అంచున పళ్లపొడితో అరిగి గాడి పడిన పన్ను అది. అక్కడ పైనుండే గట్టి పొర ఎనామిల్ దాదాపు ఉండదు, అంతా దాని కిందుండే డెంటిన్. అంతకుముందే నేను బాండింగ్ (ఫిల్లింగుని పన్నుకి అంటించే ద్రవం) సీసా కంపెనీని రెండుసార్లు మార్చాను. తేడా ఏమీ కనబడలేదు. ఈసారి మార్చకుండా కొలుద్దామనుకున్నాను.

విజయనగరంలో చిన్న క్లినిక్ నాది. లక్షల ఖరీదు చేసే టెస్టింగ్ మెషీన్ లేదు. ఉన్నవాటితో ఏం చేశానో, ఎక్కడ తప్పానో రాస్తున్నాను. ఎవరైనా చేయాలనుకుంటే నా మొదటి రెండు నెలలు మీకు కలిసొస్తాయి.

1వ దశ: పళ్లు, దిమ్మెలు (జూన్)

కదిలిపోయి పీకేసిన దవడ పళ్లు, జ్ఞానదంతాలు. పేషంటుకి విషయం చెప్పి, సరేనన్నాకే ఉంచుకున్నాను. పుచ్చు ఉన్నవి, పాత ఫిల్లింగు ఉన్నవి తీసుకోలేదు.

తప్పు 1. శుభ్రంగా ఉంటాయని మొదటి 8 పళ్లని సోడియం హైపోక్లోరైట్‌లో రాత్రంతా నానబెట్టాను. ఇది డెంటిన్‌లో ఉండే ప్రోటీన్ పోగుల్ని, అంటే కొలాజెన్‌ని తినేస్తుంది. పైగా మిగిలిపోయిన ఆక్సిజన్ బాండ్ గట్టిపడకుండా అడ్డుకుంటుంది. ఈ మాట నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే! చేతిలోకి వచ్చేసరికి గుర్తు రాలేదు.

తప్పు 2. పీవీసీ పైపు ముక్కలో పన్ను నిలబెట్టి కోల్డ్ క్యూర్ అక్రిలిక్ (కలిపితే దానంతటదే గట్టిపడే ప్లాస్టిక్) పోశాను. అది గట్టిపడేటప్పుడు పట్టుకోలేనంత వేడెక్కింది, పన్ను ఎండిపోయింది. పైగా ముందే కోసి పెట్టుకున్న డెంటిన్ మీదకి అక్రిలిక్ ద్రవం పాకింది.

మార్చాక పని ఇలా సాగింది:

1. పీకిన పన్నుని కడిగి, 0.5 శాతం క్లోరమిన్-టిలో వారం. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో, ఫ్రిజ్‌లో. క్లోరమిన్-టి మా ఊళ్లో దొరకలేదు, విశాఖ నుంచి తెప్పించాను.
2. వేర్ల మీద డిస్కుతో రెండు గాట్లు. గాట్లు లేకపోతే పన్ను దిమ్మెలోంచి జారుతుంది.
3. ఒక అంగుళం పైపుని 25 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, అందులో పన్ను నిలిపి అక్రిలిక్ పోయడం. పోసిన వెంటనే చల్లటి నీళ్ల గిన్నెలో పెట్టాలి.
4. దిమ్మె గట్టిపడ్డాకే పన్ను పైభాగాన్ని డైమండ్ డిస్కుతో తీసేయడం. సెలైన్ సీసా వేలాడదీసి డిస్కు మీద నీటి ధార పెట్టాను. మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి.
5. గాజు పలక మీద 600 నంబరు వాటర్ పేపర్ పరిచి, నీళ్లలో 30 సార్లు రుద్దడం.

అయిదోది చాదస్తం కాదు. బర్‌తో గానీ డిస్కుతో గానీ కోసినప్పుడు డెంటిన్ మీద పొడి, ముద్ద కలిసిన పలచటి పూత మిగులుతుంది. దాన్ని స్మియర్ లేయర్ అంటాం. ఒక పన్ను మీద మందంగా, ఇంకో పన్ను మీద పలచగా ఉంటే దేన్ని కొలుస్తున్నామో తెలీదు. ఒకే నంబరు పేపర్, ఒకే లెక్కన రుద్దితే అన్నీ ఒక తీరుగా వస్తాయి.

ఇప్పటికి: వాడిన పళ్లు 8, పనికొచ్చిన రీడింగులు 0, ఖర్చు రూ. 940.

2వ దశ: వేలాడదీయడం (జులై)

అమరిక ఇది. టేబుల్ అంచున బెంచ్ వైస్. దిమ్మెని పక్కకి తిప్పి బిగిస్తే డెంటిన్ ముఖం గోడలాగా నిటారుగా నిలుస్తుంది. దాని మీద అంటించిన కాంపోజిట్ (ఫిల్లింగు పదార్థం) మేకులాగా బయటికి పొడుచుకొస్తుంది. ఆ మేకుకి తీగ ఉచ్చు, ఉచ్చు కింద కొక్కెం, కొక్కేనికి బకెట్టు. బకెట్టులోకి ట్యాంకు నీళ్లు సన్నగా వదులుతాం. మేకు ఊడగానే బకెట్టు 5 సెంటీమీటర్లు జారి గోనెసంచి మీద పడుతుంది. బకెట్టుని తూచి, ఆ బరువుని మేకు అడుగు వైశాల్యంతో భాగిస్తే బాండ్ బలం వస్తుంది.

మా అసిస్టెంటు అమ్మాయి మొదటిరోజు చూసి, "ఏటి మేడమ్, సిరిమానుకి బకెట్టు కట్టినారా?" అంది.

ఆరు పళ్లు పోయింది ఇక్కడే.

తప్పు 3. కాంపోజిట్ మేకు కోసం సెలైన్ సెట్ ట్యూబు ముక్క అచ్చుగా వాడాను. లోపలి వ్యాసం 3 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం 7.07 చదరపు మిల్లీమీటర్లు. బాండ్ 15 మెగాపాస్కల్స్ (చదరపు మిల్లీమీటరుకి 15 న్యూటన్లు) ఉంటే ఊడదీయడానికి దాదాపు 10.8 కిలోలు కావాలి. ఉచ్చుకి వాడింది మేం పళ్ల క్లిప్పులకి కట్టే లిగేచర్ తీగ. నాలుగు పళ్లలో 5 నుంచి 6 కిలోల మధ్య తీగే తెగింది, పన్ను మీద మేకు చెక్కుచెదరలేదు. మూడో రీడింగు దాకా నేను "అబ్బ, ఎంత ఒక తీరుగా వస్తున్నాయో" అని మురిసిపోయాను. నేను కొలిచింది తీగ బలాన్ని.

తప్పు 4. తీగ బదులు చేపల గాలానికి వాడే నైలాన్ తాడు కట్టాను. అది తెగదు, సాగుతుంది. సాగి మేకు కొస వైపు జారింది. ఉచ్చు డెంటిన్‌కి ఆనుకుని లేకపోతే మేకు కోసుకుపోదు, కొమ్మ విరిచినట్టు వంగి లేస్తుంది. రీడింగు తక్కువ వస్తుంది. రెండు పళ్లు అలా పోయాయి.

తప్పు 5. నీళ్లని తూచాను, బకెట్టుని మరిచాను. ఖాళీ బకెట్టు, కొక్కెం కలిపి 0.62 కిలో.

మార్చినవి:

1. ఉచ్చుకి 0.4 మిల్లీమీటర్ల గట్టి స్టెయిన్‌లెస్ స్టీలు తీగ, డెంటిన్‌కి పూర్తిగా ఆనించి.
2. అచ్చుకి పసిపిల్లల ఫీడింగ్ ట్యూబు, 10 నంబరు. లోపలి వ్యాసం ప్యాకెట్టు మీద ఉండదు. డ్రిల్ బిట్ల వెనక వైపు దూర్చి చూశాను: 2.2 బిగువుగా పట్టింది, 2.3 పట్టలేదు. గట్టిపడిన మేకుల్ని వెర్నియర్‌తో కొలిచినా 2.2 వచ్చింది. ఇక్కడ 0.1 మిల్లీమీటరు పొరబడితే వైశాల్యం 9 శాతం మారిపోతుంది.
3. 2.2కి వైశాల్యం 3.80 చదరపు మిల్లీమీటర్లు. కాబట్టి మొత్తం కిలోలని 2.58తో గుణిస్తే నేరుగా మెగాపాస్కల్స్.
4. నీటి వేగం. ఈ పరీక్షలకున్న అంతర్జాతీయ పద్ధతిలో బరువు నిమిషానికి సుమారు 50 న్యూటన్ల చొప్పున పెరగాలి. అంటే నిమిషానికి 5.1 లీటర్లు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒక వేగం, అడుగంటినప్పుడు ఇంకో వేగం. అందుకని ప్రతి రోజూ మొదట 5 లీటర్ల డబ్బా నింపి, 59 సెకన్లు వచ్చేలా కుళాయి సరిచేసి, ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు.
5. మేకు ఊడాక గొట్టం నొక్కడానికి ఒక సెకను పడితే 85 మిల్లీలీటర్లు అదనంగా పడతాయి. అది 0.2 మెగాపాస్కల్. ఆ మాత్రం పొరపాటు ప్రతి రీడింగులోనూ ఉందని వదిలేశాను.

ఇప్పటికి: పళ్లు 14, పనికొచ్చిన రీడింగులు 0, ఖర్చు రూ. 1,250.

3వ దశ: ఎంత ఆరబెట్టాలి (ఆగస్టు)

అంటించిన దిమ్మెల్ని 37 డిగ్రీల నీళ్లలో 24 గంటలు ఉంచాలి. చేపల మార్కెట్లో పాత థర్మాకోల్ పెట్టె, 40 వాట్ల బల్బు, ఉష్ణోగ్రతని బట్టి ఆగి వెలిగే చిన్న కంట్రోలరు. పెట్టె మూడుసార్లు కడిగినా వాసన పోలేదు. ఒక రాత్రి కరెంటు పోయి పొద్దున్నకి 31 డిగ్రీలకి పడిపోయింది. అప్పటినుంచి ఇన్వర్టర్ లైనుకి కలిపాను.

బాండ్‌నీ కాంపోజిట్‌నీ గట్టిపరిచే క్యూరింగ్ లైటు కొన మీద ఎండిన కాంపోజిట్ చిన్న పొలుసులాగా అతుక్కుని ఉంది. తెలిసినవాళ్ల దగ్గర మీటరు అడిగి తెచ్చి చూస్తే వెలుగు చదరపు సెంటీమీటరుకి 430 మిల్లీవాట్లు. గీకి తుడిచాక 690. దాని గురించి ఇంకేమీ రాయను, సిగ్గుగా ఉంది.

ఇక అసలు సంగతి. 1955లో బ్యూనకోర్ ఫాస్ఫారిక్ యాసిడ్‌తో ఎనామిల్‌ని గరుకు చేసి రెజిన్ (బాండ్‌లో గట్టిపడే జిగురు) పట్టేలా చేశాడు. ఎనామిల్ బరువులో 96 శాతం దాకా ఖనిజమే, ఎండబెట్టినంత మేలు. డెంటిన్ అలా కాదు. బరువులో సుమారు 70 శాతం ఖనిజం, 20 శాతం సేంద్రియ పదార్థం, అందులో ఎక్కువ కొలాజెన్. మిగతాది నీరు. సన్నటి గొట్టాల గుండా లోపల నరం ఉండే పల్ప్ నుంచి తడి ఊరుతూనే ఉంటుంది. యాసిడ్ పెట్టి కడిగితే పైన కొన్ని మైక్రాన్ల మేర ఖనిజం పోయి కొలాజెన్ పోగులు మాత్రం మిగులుతాయి. ఆ పోగుల సందుల్లోకి రెజిన్ దూరి అక్కడే గట్టిపడాలి. 1982లో నకబయాషి హైబ్రిడ్ లేయర్ అని పేరు పెట్టింది దానికే.

భోగాపురం ఒడ్డున వల చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. నీళ్లలో ఉన్నంతసేపు వల కన్నులు తెరుచుకుని ఉంటాయి. ఇసుక మీదకి లాగితే ముద్దయిపోతుంది. కొలాజెన్ కూడా అంతే. గాలి కొట్టి ఎండబెడితే పోగులు ఒకదాని మీద ఒకటి పడి సందులు మూసుకుపోతాయి, రెజిన్ పైపైన ఆగిపోతుంది. అలాగని నీళ్లు నిలవ ఉంటే రెజిన్ పలచబడి చెడుతుంది.

ఆల్కహాల్ ద్రావకంగా ఉన్న ఒకే సీసా బాండ్. 37 శాతం యాసిడ్ జెల్ 15 సెకన్లు, 15 సెకన్లు కడగడం. అక్కడినుంచి మూడు రకాలుగా, ఒక్కో రకానికి ఆరు పళ్లు. కింది అంకెలు బకెట్టుతో కలిపి కిలోలు.

క. త్రీవే సిరంజితో (గాలి, నీళ్లు వదిలే గొట్టం) 10 సెకన్లు గాలి (నేను ఇన్నేళ్లూ చేస్తున్నది): 1.9, 2.4, 1.2, 3.1, 2.0, 0. సగటు 4.6 మెగాపాస్కల్స్.

ఖ. గాలి లేకుండా దూదితో అద్దడం, పైన తడి మెరుపు మిగిలేలా: 5.2, 6.1, 4.4, 5.8, 6.6, 2.3. సగటు 13.1.

గ. 10 సెకన్లు ఎండబెట్టి, తడి అప్లికేటర్‌తో మళ్లీ 10 సెకన్లు తడపడం: 4.6, 5.0, 3.7, 5.5, 4.9, 4.1. సగటు 12.0.

'క'లో సున్నా అంటే, అచ్చు ట్యూబుని బ్లేడుతో చీలుస్తుండగానే మేకు నా వేళ్లలోకి వచ్చేసింది. దాన్ని లెక్కలోంచి తీసేస్తే సగటు 5.5 అవుతుంది. చూడ్డానికి బాగుంటుందిగానీ తీసేయలేదు. పేషంటు నోట్లో అదే ఊడిన ఫిల్లింగు.

ఊడినచోట లూప్స్‌తో (భూతద్దాల కళ్లజోడు) చూస్తే 'క' పళ్లన్నీ అద్దంలా ఉన్నాయి. ఒక్క రెజిన్ చారిక కూడా పన్ను మీద లేదు. 'ఖ', 'గ'ల్లో చాలావాటిపైన రెజిన్ మచ్చలు మిగిలాయి.

'గ' చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. పొరపాటున ఎండగొట్టినా మళ్లీ తడిపితే వల చాలావరకు తెరుచుకుంటోంది.

ఇప్పటికి: పళ్లు 32, రీడింగులు 18, ఖర్చు రూ. 2,430.

4వ దశ: ఆ 2.3 ఏమిటి (సెప్టెంబర్)

'ఖ'లో ఆరోది నన్ను నిద్రపోనివ్వలేదు. అదే చెయ్యి, అదే సీసా, అదే రోజు. మిగతా అయిదూ 4.4కి తగ్గకుండా ఉంటే ఇదొక్కటే 2.3.

నోటుబుక్కులో ప్రతి పన్నుకీ టైము రాసి పెట్టడం ఇక్కడ కలిసొచ్చింది. మొదటి అయిదూ పొద్దున్న చేశాను. ఆరోది సాయంత్రం, బయట వాన, పేషంట్లు అయిపోయాక. ఊడిన ముఖం తిప్పి చూస్తే బాండ్ పొరలో పాలచుక్కల్లాగా తెల్లటి బుడిపెలు. నీళ్లు కలిసిన రెజిన్ అలాగే ఉంటుంది. కానీ దూదితోనే అద్దాను కదా, నీళ్లు ఎక్కడివి?

అద్దడానికి గాలి వాడలేదు. కానీ బాండ్ రాశాక దానిలో ద్రావకం ఎగిరిపోవడానికి అయిదు సెకన్లు గాలి వదిలాను. అనుమానం వచ్చి నోటి అద్దం తుడిచి, త్రీవే సిరంజితో ఒట్టి గాలి మాత్రం పది సెకన్లు దాని మీద వదిలాను. అద్దం మీద తుంపర పడింది. వేలితో రాస్తే జిడ్డు.

కంప్రెసర్ అడుగున వాల్వు తిప్పితే 400 మిల్లీలీటర్ల గోధుమరంగు నీళ్లు వచ్చాయి. కొలిచే జార్‌లో పట్టాను కాబట్టి ఇది ఉజ్జాయింపు కాదు. వానాకాలం గాలిలో తేమంతా ట్యాంకులో చేరి నీరవుతుంది, నూనె కంప్రెసర్‌దైతే నూనె కూడా తోడవుతుంది. ఆ వాల్వు రోజూ తిప్పాలని అమ్మినవాళ్లు చెప్పారు. నేను ఎన్నాళ్లుగా తిప్పలేదో రాయదలచుకోలేదు.

చేసినవి:

1. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, గాలి లైనులో తేమనీ నూనెనీ పట్టే ఫిల్టరు బిగించడం: రూ. 1,450. పాత గొట్టం లోపల జిడ్డు పట్టింది, కొత్తది రూ. 220.
2. రోజూ రాత్రి తాళం వేసేముందు వాల్వు తిప్పడం. స్విచ్చు దగ్గర కాగితం అంటించాం.
3. ప్రతి ఫిల్లింగుకి ముందు అద్దం మీద గాలి పరీక్ష. పది సెకన్ల పని.

ఆ తర్వాత 'ఖ' పద్ధతిలోనే కొత్తగా ఆరు: 5.9, 6.3, 5.5, 6.8, 6.0, 5.7. సగటు 15.6 మెగాపాస్కల్స్. సగటు పెరగడం కంటే నాకు నచ్చింది అన్నిటికంటే తక్కువది 5.5 కావడం. మూడో దశ 'ఖ'లో ఎక్కువ, తక్కువల మధ్య 4.3 కిలోల తేడా ఉంది. ఇప్పుడు 1.3.

ఈ అంకెల్ని ఎక్కడో చదివిన అంకెలతో పోల్చకండి. తీగ మందం, మేకు సైజు, పన్ను లోతు మారితే అంకె మారుతుంది. నా బకెట్టు కింద నా పద్ధతులని ఒకదానితో ఒకటి పోల్చుకోవడం వరకే ఇవి పనికొస్తాయి.

ఒకసారి వాడిన పన్నునే ఇంకాస్త అరగదీసి మళ్లీ వాడొచ్చు కదా అని మా అసిస్టెంటు అడిగింది. పళ్లు మిగిలేవే, నిజమే. కానీ లోపలికి పోయేకొద్దీ గొట్టాలు వెడల్పూ పెరుగుతాయి, సంఖ్యా పెరుగుతుంది. ఎనామిల్ దగ్గర చదరపు మిల్లీమీటరుకి సుమారు 20 వేలు, పల్ప్ దగ్గర 45 వేలు. రెండోసారి అంటించేది వేరే నేల మీద అవుతుంది. వద్దన్నాను.

ఇప్పటికి: పళ్లు 38, రీడింగులు 24, ఖర్చు రూ. 4,100.

5వ దశ: రుద్దడం (అక్టోబర్)

పైడితల్లమ్మ పండగకి క్లినిక్ మూసిన రోజుల్లో చేశాను ఇది. ఈసారి యూనివర్సల్ బాండ్. యాసిడ్ పెట్టకుండా నేరుగా డెంటిన్ మీద. ఇందులో 10-ఎండీపీ అనే పదార్థం ఉంటుంది. 1981లో జపాన్ కంపెనీ కురారే తయారుచేసింది. ఇది తనకున్న కొద్దిపాటి ఆమ్లగుణంతో స్మియర్ లేయర్‌ని కరిగిస్తూ దూరుతుంది, కొలాజెన్ చుట్టూ ఖనిజాన్ని పూర్తిగా తీసేయదు. మిగిలిన ఖనిజంలోని కాల్షియంతో రసాయనికంగా కలుస్తుంది. వల ముద్దయ్యే బెడద తక్కువ.

సీసాతో వచ్చిన కాగితంలో 20 సెకన్లు రుద్దమని ఉంటుంది. ఎంతమంది రుద్దుతున్నాం? నేను పూసి వదిలేసేదాన్ని. అందుకే రెండు గుంపులు:

గడియారం చూసి 20 సెకన్లు అప్లికేటర్‌తో రుద్దినవి: 6.2, 5.4, 6.6, 5.9, 6.4, 5.0. సగటు 15.3.

పూసి 20 సెకన్లు అలా వదిలేసినవి: 3.0, 4.2, 3.6, 2.7, 4.0, 3.5. సగటు 9.0.

సీసా అదే, సమయం అదే. రుద్దితే కొత్త ద్రవం లోపలికి పోతుంది, అప్పటికే పని అయిపోయి బలం తగ్గిన ఆమ్లం పక్కకి జరుగుతుంది, ద్రావకం కూడా తొందరగా ఎగురుతుంది. 20 సెకన్లు ఎంతసేపో గడియారం లేకుండా చెప్పమని నన్నే పరీక్షించుకున్నాను. నేను "అయింది" అన్నప్పుడు గడియారంలో 9.

ఇప్పటికి: పళ్లు 50, రీడింగులు 36, ఖర్చు రూ. 4,360.

6వ దశ: పెట్టెలో ఉన్నవి (నవంబర్)

24 గంటల బలం ఒకటి, నెలల తర్వాత బలం ఒకటి. యాసిడ్ తగిలినప్పుడు డెంటిన్‌లోనే ఉన్న ఎంఎంపీ ఎంజైములు మేలుకుంటాయి. రెజిన్ చుట్టని కొలాజెన్ పోగుల్ని మెల్లగా కొరికేస్తాయి. నీళ్లు రెజిన్‌ని కూడా తింటాయి. యాసిడ్ కడిగాక 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ (క్రిములని చంపే మందు) ఒక నిమిషం ఉంచితే ఆ ఎంజైములు అణుగుతాయి. దాని కోసం 12 దిమ్మెలు: ఆరు క్లోర్‌హెక్సిడిన్‌తో, ఆరు లేకుండా. 'ఖ' పద్ధతి, పొడి గాలి. 37 డిగ్రీల నీళ్లలో ఆరు నెలలు, ప్రతి సోమవారం నీళ్లు మార్పు. ఏ దిమ్మె ఏదో నాకు తెలియకుండా మా అసిస్టెంటు నంబర్లు వేసి, చీటీ తన దగ్గరే దాచుకుంది. విప్పేది మే నెలలో.

ఇప్పటికి: పళ్లు 62, రీడింగులు 36, ఖర్చు రూ. 4,360, కరెంటు బిల్లు కాకుండా.

చీపురుపల్లి పెద్దాయనకి నాలుగోసారి ఫిల్లింగు పెట్టి ఇవాళ్టికి ఏడు వారాలు. అద్దం మీద గాలి చూసుకుని, యూనివర్సల్ బాండ్ గడియారం పెట్టి రుద్దాను. పోయిన వారం సంతకి వచ్చినప్పుడు మెట్ల మీంచే పెదవి లాగి చూపించి వెళ్లారు. ముందుది పదకొండో వారంలో ఊడింది, అందుకని ఇంకా ఏమీ అనడం లేదు.